ఎర్రమిట్టలో పసుప్పచ్చ మాత్రలు

కాంపౌండర్ ఏసురాజు పట్టపగలు అంబులెన్స్ డ్రైవర్ సీట్లో కూర్చుని, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని చచ్చిపోయాడు. బండి కదల్లేదు. ఏసురాజుకు డ్రైవింగ్ రాదు.

మెడికల్ ఆఫీసర్ వచ్చి కనురెప్ప ఎత్తి చూసి వడదెబ్బ అని తేల్చాడు. మే నెలలో కడప జిల్లాలో వడదెబ్బ అంటే ఇంకెవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. నీడలోకి పోతారు. సాయంత్రానికల్లా, జపాన్ యుద్ధం కోసం వేసిన ఎర్రమిట్ట ఏరోడ్రోమ్ రన్‌వే చివర, చెట్టన్నది లేని చోట, ఒక కొత్త మట్టిదిబ్బ లేచింది. దాని మీద గద్దలు రెండు రోజులు తిరిగి, లాభం లేదని వెళ్ళిపోయాయి.

ఏసురాజు కాంపౌండర్ కాదు. మిలిటరీ ఇంటెలిజెన్స్ ఏజెంట్. ఆ సంగతి కర్నూలులో ఒక్క మనిషికే తెలుసు. ఎర్రమిట్టలో ఇంకో మనిషికి తెలిసిపోయింది. కర్నూలు మనిషికి నిద్ర పట్టకుండా చేసింది ఆ ఇంకో మనిషే.

కర్నూలు మనిషి పేరు మేజర్ హుస్సేన్ సాహెబ్. బురుజు దగ్గర సందులో అత్తరు దుకాణం ముందు గది, సీక్రెట్ ఆఫీసు వెనక గది. అత్తరు బేరం బాగా సాగడంతో మేజర్‌కి దేశరక్షణకు మధ్యాహ్నం మాత్రమే వీలయ్యేది.

"కూచో దావీదూ," అన్నాడు మేజర్. "ఏసురాజు పోయినాడు."

"వడదెబ్బని విన్నా సార్," అన్నాడు ఏజెంట్ దావీదురాజు.

"వాడిది పత్తికొండప్పా! పత్తికొండోడికి వడదెబ్బ తగలడమేంది? ఎండలో పుట్టి, ఎండలో పెండ్లి చేస్కున్నోడు. ఎవురో చంపినారు." మేజర్ తలుపు గొళ్ళెం వేసి వచ్చాడు. "టోక్యో ముఠా వైర్‌లెస్ మాట ఒకటి మనోళ్ళ చెవిన పడినాది. విను. 'శుక్రవారం అందరూ నిద్రపోతారు. కోకిల.' అంతే."

"కోకిల ఎవరు సార్?"

"మెడికల్ యూనిట్లో ఉండాది. ఆడదో మగోడో తెలీదు. రంగూన్ నుంచి పారిపోయొచ్చిన నర్సొకామె ఉండాది, కృపమణి. సింగపూర్ నుంచి తప్పించుకోనొచ్చిన డాక్టరొకడుండాడు, మార్లో. ఇంగ హెడ్ క్లర్క్ సుందరం. వాడు యాడినుంచీ రాల్యా, యాడికీ పోడు."

"ఇందులో ఎవరినైనా నమ్మొచ్చా సార్?"

"చెప్తే నీ మొగంలో కనపడిపోతాది. చెప్పను." మేజర్ గొంతు తగ్గించాడు. "శుక్రవారం సాయంత్రం లిబరేటర్ విమానాలు జపానోళ్ళ చేతిలో ఉండే అండమాన్ల మీద బాంబులెయ్యను పోతాండాయి. నూరు మంది దాకా పిల్లోళ్ళప్పా. మీసాలు కూడా సరిగా రాల్యా. వాళ్ళు సముద్రం మధ్యలో ఉండంగా ఏదో కానుండాది. దాన్ని ఈడ నేలమీదనే ఆపల్ల. లేదంటే ఒక్కడు కూడా తిరిగి రాడు."

తరవాత పరికరాలు ఇచ్చారు. మొదటిది రహస్య సిరా. రాస్తే కనపడదు, వేడి తగిలితే కనపడుతుంది. లండన్‌లో కనిపెట్టారు. కడపలో ఆ సిరాతో రాసింది చొక్కా జేబులోనే నల్లగా తేలి, అవతలివాళ్ళు చదువుకునేటట్టు అయ్యేది. రెండోది టిఫిన్ క్యారియర్. అడుగు గిన్నెలో పిస్టల్. మన ఆఫీసుల్లో పక్కవాడి క్యారియర్ మూత తీసి "ఏం కూరప్పా?" అని చూడకుండా మధ్యాహ్నం గడవదన్న సంగతి దాన్ని తయారుచేసిన వాళ్ళకు తెలియదు. దావీదురాజు మొదటి రోజే పిస్టల్‌ని గుడ్డలో చుట్టి కలబంద పొద కింద పాతేశాడు.

మూడోది కోడ్ మాట. మన మనిషి దగ్గరికొచ్చి "రాజంపేటలో వాన పడినాదా?" అని అడుగుతాడు. "బద్వేలులో మబ్బు పట్టినాది" అని జవాబివ్వాలి.

మారువేషం కొత్త కాంపౌండర్, దానికి తోడు ఒక కళ్ళజోడు. పేరు మాత్రం మార్చలేదు. మారిస్తే రేషన్ కార్డు మళ్ళీ రాయించుకోవాలి.

*

కడప స్టేషన్లో దిగగానే జట్కావాడు "రాజంపేట పక్క వానేమన్నా పడినాదా సామీ?" అన్నాడు. టీ అమ్మే మనిషీ అదే అడిగాడు. మున్సిపాలిటీ గుమాస్తా ఒకాయన గొడుగు పక్కన పెట్టి మరీ అడిగాడు. ఏరోడ్రోమ్ గేటు చేరేసరికి దావీదురాజుకు దారి పొడుగునా తమ ఏజెంట్లే కనిపించారు. ఈ సీమలో మనిషి మనిషిని అడిగే మొదటి మాటే అదని ఢిల్లీలో కోడ్ రాసినవాడికి ఎవరూ చెప్పలేదు.

మెడికల్ యూనిట్ అంటే ఒక రేకుల షెడ్డు, నాలుగు తెల్ల డేరాలు, ఒక అంబులెన్స్. చూస్తే జాలేస్తుంది. కానీ ఏరోడ్రోమ్ మొత్తం దాని చేతిలో ఉండేది. డాక్టర్ తలూపందే పైలట్ విమానం ఎక్కడానికి లేదు. ప్రతి టేకాఫ్‌కీ అంబులెన్స్ ఇంజన్ ఆపకుండా రన్‌వే పక్కన కాచుకోవాలి. బయల్దేరే ముందు కుర్రాళ్ళంతా డాక్టర్ ఎదుట వరసలో నిలబడి మలేరియా రాకుండా ఒక పసుప్పచ్చ మాత్ర మింగాలి. మింగి, నోరు తెరిచి చూపించాలి. ఆ మాత్రల పుణ్యాన దొరల ఒళ్ళంతా పసుపు తిరిగి, దూరం నుంచి చూస్తే పేరంటానికి పోయొచ్చిన ముత్తైదువుల్లా ఉండేవాళ్ళు.

డాక్టర్ మార్లో మర్యాదస్తుడు. తెలుగు కూడా కాస్త వచ్చు. ఎప్పుడు చూసినా చేతులు కడుక్కుంటూ ఉండేవాడు. ఎర్రమిట్టలో అందరి చేతులూ ఎండి పగిలిపోతుంటే ఆయన చేతులు మాత్రం తడిగా, చల్లగా ఉండేవి.

"మీ తల్లిగారు కులాసానా?" అని అడిగాడు మొదటి రోజు, దావీదురాజు చెయ్యి పట్టుకుని. నాడి చూస్తున్నాడో కరచాలనం చేస్తున్నాడో తెలియలేదు. "ఎండలో తిరగొద్దు. పాత కాంపౌండర్‌కి చెప్పాను. వినలేదు."

ఆ చెయ్యి వదిలాక కూడా చాలాసేపు దావీదురాజు మణికట్టు చల్లగానే ఉంది.

నర్సు కృపమణి సైకిల్ తొక్కేది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకునేది. కడపకి ఆ రెండూ చాలు. ఆమె వచ్చిన నెల నుంచి తాలూకా ఆఫీసులో అందరికీ బి.పి. వచ్చింది. అదేమిటో వాళ్ళకు తెలియదు, నర్సమ్మ చెయ్యి పట్టుకుని చూస్తుందని తెలుసు.

రెండో రోజు ఆమె సూదులు ఉడకబెడుతూ, తల ఎత్తకుండా, "రాజంపేటలో వాన పడినాదా?" అంది.

దావీదురాజు ఆమె మొహంలోకి చూశాడు. నల్ల అద్దాల్లో తన కళ్ళజోడే కనిపించింది. కోడ్ మాటా? లేక జట్కావాడి మాటా? తప్పు మనిషికి జవాబిస్తే రన్‌వే చివర రెండో దిబ్బ లేస్తుంది.

"ఏమో సిస్టర్. నేను పేపర్ చూడను," అన్నాడు.

ఆమె ఉడికిన సూదుల్ని ఒక్కొక్కటే గుడ్డ మీద ఆరబెట్టింది.

ఇక హెడ్ క్లర్క్ సుందరం. ఆయన నీతిమంతుడు. పక్కవాడి వస్తువు ముట్టడు. సర్కారు వస్తువు మాత్రం పక్కవాడిది కాదు గదా అన్నది ఆయన నమ్మకం. ఆయన ఇంటి కిటికీలకు మిలిటరీ దోమతెర, దీపాలకు మిలిటరీ దూది, పచ్చడి జాడీకి వాసెన కట్టిన గుడ్డ మిలిటరీ బ్యాండేజి. ఇంట్లో ఎవరికి ఏ జబ్బు రావాలన్నది యూనిట్లో ఏ మందు మిగిలిందన్న దాన్ని బట్టి ఉండేది.

"రిటైరయ్యేదాకా ఒక్క మచ్చ రాకూడదప్పా," అనేవాడు దావీదురాజు క్యారియర్లో వంకాయ కూర రుచి చూస్తూ. "పెన్షన్ అంటే మాటలు కాదు. మా వరమ్మకి అదే ధైర్యము."

వరమ్మ ఆయన భార్య.

బుధవారం మద్రాసు నుంచి మాత్రల కొత్త డబ్బా వచ్చింది. మార్లో దాన్ని స్వయంగా లోపలికి మోసుకెళ్ళి, "శుక్రవారం దాకా ఎవరూ ముట్టకూడదు," అన్నాడు. దావీదురాజు ఆ రెండు రోజులూ బాంబు కోసం వెతికాడు. విమానాల కింద దూరాడు. పెట్రోలు పీపాలు వాసన చూశాడు. డేరాల నేల తవ్వి, ఎలుకలు తవ్వాయని చెప్పాడు. ఏమీ దొరకలేదు. మార్లో దూరం నుంచి చూస్తూ, చేతులు తుడుచుకుంటూ, చిన్నగా నవ్వేవాడు.

*

శుక్రవారం పొద్దున సుందరం ఆఫీసుకు రాలేదు.

ఎర్రమిట్టలో బాంబు పడినా అంత నిశ్శబ్దం అయ్యేది కాదు. సొంత తండ్రిని పూడ్చిన రోజు కూడా సమాధి దగ్గర్నుంచి నేరుగా ఆఫీసుకొచ్చిన మనిషి. దావీదురాజు కృపమణి సైకిల్ అడగకుండానే తీసుకుని ఊళ్ళోకి తొక్కాడు.

సుందరం చర్చి వెనక సందులో తన ఇంటి గడప మీద తెల్ల చొక్కా, కోటు, చేతిలో గొడుగుతో కూర్చుని ఉన్నాడు. ఆఫీసుకు బయల్దేరి అక్కడే ఆగిపోయినట్టున్నాడు.

"ఏం సార్, రాలేదే?"

"ఇంట్లో ఉపవాస ప్రార్థనప్పా," అన్నాడు సుందరం. "మౌనంగా చేస్తాండారు. లోపలికి పోగూడదు."

దావీదురాజు ఆయన్ని దాటి లోపలికి వెళ్ళాడు.

వరమ్మ రోటి దగ్గర చేతిలో పొత్రంతో, గోడకు తల ఆనించి నిద్రపోతోంది. రోట్లో పిండి ఎండిపోయింది. మూలన ఆమె తల్లి మంచం మీద నోరు తెరుచుకుని నిద్రపోతోంది. బద్వేలు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన బావమరిది ఒక కాలు చెప్పులో పెట్టి, రెండో చెప్పు చేత్తో పట్టుకుని, కూర్చున్నచోటే నిద్రపోతున్నాడు. ఇంట్లో ఈగల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక ఈగ వరమ్మ పెదవి మీద వాలింది. ఆమె కదల్లేదు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు దావీదురాజు.

"నిన్న పొద్దుగూకినప్పటి నుంచి. పిల్చినా పలకల్యా. నీళ్ళు చల్లినా లెయ్యల్యా." సుందరం గొడుగు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "డాక్టర్ని పిలుద్దామంటే ఏం మింగినారని అడుగుతాడు గదప్పా!"

"ఏం మింగారు సార్?"

సుందరం గొడుగు వైపు చూశాడు.

"సార్! ఏం మింగారు?"

"ఆ పసుప్పచ్చ మాత్రలే," అన్నాడు. "వారం వారం తెస్తాంటి. దొరలు ఉత్తపుణ్యానికి తింటారా? బలానికేనని మా అత్త. బుధవారం కొత్త డబ్బా వచ్చినాది. ఎవురూ ముట్టగూడదన్న్యాడు డాక్టరు. ముట్టగూడదన్న్యాడంటే మంచి సరుకేమో అనుకుంటి. గుప్పెడు తీసి పైన సర్దేస్తి."

"మీరు మింగలేదా?"

"నాకు ఇంగ్లీషు మందు వేడి చేస్తాది."

శుక్రవారం అందరూ నిద్రపోతారు. దావీదురాజుకు అంతా తెలిసింది. బాంబు లేదు. వైర్లు లేవు. కుర్రాళ్ళు డాక్టర్ ఎదుట బుద్ధిగా మాత్ర మింగి, నోరు తెరిచి చూపించి, విమానం ఎక్కుతారు. కొన్ని గంటల తరవాత, నల్లటి నీళ్ళ పైన, స్టీరింగ్ పట్టుకున్నవాడు ముందు నిద్రపోతాడు. తరవాత పక్కవాడు. ఒక్క తుపాకీ కూడా పేలదు. విమానాలు ఒక్కొక్కటే తల వంచి సముద్రంలోకి దిగుతాయి. ఎందుకు రాలేదో చెప్పడానికి ఎవరూ మిగలరు.

"సార్, నాతో వచ్చి మన ఏరోడ్రోమ్ పెద్ద వింగ్ కమాండర్‌కి ఈ మాట చెప్పండి. మీ వాళ్ళకీ విరుగుడు సూది వేయిద్దాం."

"చెప్తే ఉజ్జోగం పోతాదప్పా. పెన్షన్ పోతాది. వాళ్ళే లేస్తారులే. చానాళ్ళ అలసట." సుందరం మళ్ళీ గడప మీద కూర్చున్నాడు. "పోయిరాప్పా. తలుపు దగ్గరగా వేసిపో, ఈగలు."

*

దుమ్ముగాలి లేస్తుందని టేకాఫ్ ముందుకు జరిపారు. దావీదురాజు గేటు దాటేసరికి మిట్ట మధ్యాహ్నపు ఎండలో పరేడ్ మొదలయ్యింది. కుర్రాళ్ళు వరసల్లో నిలబడ్డారు. కృపమణి పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరి అరచేతిలో మాత్ర పెడుతూ వస్తోంది. అందరికీ అందాక, ఆర్డర్ ఇవ్వగానే, ఒక్కసారే మింగడం ఆనవాయితీ. వింగ్ కమాండర్ గ్రెగరీ వాచీ చూసుకుంటున్నాడు.

"మింగొద్దు!" అని దావీదురాజు సైకిల్ మీంచి పడుతూ అరిచాడు. "అవి విషం! డాక్టర్ శత్రువు మనిషి!"

వరసలన్నీ తలలు తిప్పాయి. ఒళ్ళంతా ఎర్రమన్ను, చెవికి వేలాడుతున్న కళ్ళజోడు, ఒక కాలికి చెప్పు లేదు. ఆ వేషంలో చెప్పిన మాట నిజమైనా నమ్మశక్యం కాదు.

మార్లో నిట్టూర్చాడు. "పాపం. వడదెబ్బ. పాత కాంపౌండర్‌కీ ఇలాగే పిచ్చిమాటలతో మొదలయ్యింది." ఆర్డర్లీల వైపు తిరిగాడు. "స్ట్రెచర్. కట్టెయ్యండి."

యూనిట్లో డాక్టర్ మాటకు తిరుగులేదు. దావీదురాజు కాళ్ళూ చేతులూ పటకాలతో బిగించారు. అరిస్తే నోట్లో దూది పెట్టారు. మార్లో సూదిలోకి రంగులేని మందు ఎక్కించి, వెలుగులో ఎత్తి చూసి, కృపమణి చేతికిచ్చాడు.

"సిస్టర్, డేరాలోకి తీసుకెళ్ళి ఇవ్వండి. హాయిగా ఉంటుంది."

ఆమె సూది పట్టుకుని స్ట్రెచర్ దగ్గరికి వచ్చింది. నల్ల అద్దాల వెనక ఏముందో తెలియలేదు.

అప్పుడు గేటు వైపు నుంచి జట్కా గంటలు వినిపించాయి.

ఏరోడ్రోమ్ లోపలికి జట్కాలు రాకూడదు. ఇది వచ్చింది. రన్‌వే అంచు మీదుగా, బెదిరిన గుర్రంతో, అడ్డదిడ్డంగా వచ్చింది. అందులో సుందరం ఒక చేత్తో వరమ్మనూ ఇంకో చేత్తో అత్తనూ పట్టుకుని ఉన్నాడు. బావమరిది అడుగున పడి ఉన్నాడు. ఇంకా చెప్పు పట్టుకునే ఉన్నాడు.

"సార్!" సుందరం దిగి వింగ్ కమాండర్ కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. టోపీ లేదు, గొడుగు లేదు. "నేను దొంగను సార్. ఆ డబ్బాలో మాత్రలు నేనే తీసినా. మా ఇంటోళ్ళు మింగినారు. మా వరమ్మ ఊపిరి దూరం దూరంగా తీస్తాండాది సార్. రెండు మింగినాది. ఊరికే వచ్చినాయి గదాని రెండు మింగినాది. ఉజ్జోగం తీసెయ్యండి. జైల్లో పెట్టండి. మనిషిని లేపండి సార్!"

తెలుగు రాని కుర్రాళ్ళు కూడా అరచేతుల్లో మాత్రల వైపు చూసుకున్నారు.

మార్లో తొణకలేదు. "ఎండకు సొమ్మసిల్లారు," అన్నాడు ఇంగ్లీషులో. "ఈ మాత్రలే అనుమానమా? చూడండి." వరసలో మొదటివాడి చేతిలోంచి మాత్ర తీసుకుని, నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, నోరు తెరిచి చూపించాడు.

వరసల్లో నవ్వులు లేచాయి. గ్రెగరీ కూడా తేలికపడ్డాడు. అరచేతులు నోళ్ళ వైపు లేచాయి.

కృపమణి స్ట్రెచర్ మీదికి వంగి, దావీదురాజు నోట్లో దూదిని రెండు వేళ్ళతో లాగేసింది.

"ఆయన్ని కూడా విమానం ఎక్కించండి!" అని ఇంగ్లీషులో అరిచాడు దావీదురాజు. "మందు పట్టడానికి గంటలు పడుతుంది! ఈలోగా కక్కేస్తాడు! అంత ధైర్యముంటే వాళ్ళతో పంపండి!"

గ్రెగరీ కాసేపు ఆలోచించాడు. ఇంగ్లీషువాళ్ళు మర్యాద తప్పకుండా అనుమానించడానికి కొంచెం టైం పడుతుంది.

"ముందు విమానంలో ఒక సీటు ఖాళీగా ఉంది డాక్టర్," అన్నాడు. "మీరు వస్తే కుర్రాళ్ళకు ఉత్సాహంగా ఉంటుంది."

"నా స్థానం రోగుల దగ్గర."

"మీ రోగులంతా నిద్రపోతున్నారు."

మార్లో చేతుల వైపు చూసుకున్నాడు. ఎర్రమిట్టకు వచ్చాక మొదటిసారి అవి ఆరిపోయి ఉన్నాయి. ఆ చేతుల్లో ఒకటి తెల్లకోటు లోపలికి వెళ్ళి రివాల్వర్‌తో బయటికి వచ్చింది. గ్రెగరీ గుండెకు గురి కుదిరింది.

రివాల్వర్ పేలలేదు. కృపమణి వెనకనుంచి మార్లో మెడలో సూది దించి, పిస్టన్‌ని చివరిదాకా నొక్కింది. దావీదురాజు కోసం ఆయనే స్వయంగా కొలిచి నింపిన మందు. మనిషి తెలివైనవాడు, కొలతలో తప్పు చెయ్యలేదు. మోకాళ్ళ మీద కూలబడి, చేతులు కడుక్కుంటున్నట్టు ఒకసారి రుద్దుకుని, ఎర్రమట్టిలోకి ఒరిగిపోయాడు.

"అసలు డాక్టర్ మార్లో సింగపూర్లోనే చచ్చిపోయినాడు," అంది కృపమణి, దావీదురాజు పటకాలు విప్పుతూ. "ఆయన కాగితాలతో వచ్చిన కోకిల ఈయనే. ముఠా నన్ను ఈయనకు సాయంగా పంపిచ్చినాది. మేజర్ సాబ్ నన్ను ముఠాలోకి పంపిచ్చినాడు. డబ్బాలో ఏముండాదో ఈయన నాకూ చెప్పల్యా. పొద్దున నీకు అంతా చెప్పి గ్రెగరీ దగ్గరికి పోదామనుకుంటి. చూస్తే సైకిల్ లేదు, నువ్వూ లేవు."

"ముందే చెప్పొచ్చు కదా సిస్టర్?"

"కోడ్ అడిగితి గదయ్యా! పేపర్ చూడనంటివి."

కుర్రాళ్ళు మాత్రలన్నీ మట్టిలో పారబోసి, బూట్లతో తొక్కి, పాత డబ్బాలోవి మింగారు. విమానాలు ఒక్కొక్కటే దుమ్ముగాలికి ముందే లేచాయి. అంబులెన్స్ మాత్రం ఆ రోజు రన్‌వే పక్కన లేదు. అందులో వరమ్మ, ఆమె తల్లి, చెప్పుతో సహా తమ్ముడు పడుకుని ఉన్నారు. కృపమణి ఒకరి తరవాత ఒకరికి గుండె ఆగకుండా సూదులు వేస్తూ ఉంది. సుందరం వరమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాడు. వేలికి గాలి తగిలిన ప్రతిసారీ "ఉండాది" అనేవాడు. తగలనప్పుడు ఏమీ అనేవాడు కాదు. ఆ మధ్యలో బండిలో ఎవరూ ఊపిరి తీసుకునేవాళ్ళు కాదు.

తెల్లారి విమానాలన్నీ తిరిగొచ్చాయి. బావమరిది లేచి రెండో చెప్పు తొడుక్కుని, బద్వేలు బస్సు వెళ్ళిపోయిందా అని అడిగాడు. ముసలావిడ లేచి కాఫీ అడిగింది. వరమ్మ లేవలేదు.

గ్రెగరీ వచ్చి సుందరాన్ని దొంగతనానికి ఉద్యోగంలోంచి తీసేస్తున్నాననీ, విమానాలు కాపాడినందుకు రాజుగారి తరఫున కృతజ్ఞతలనీ ఒకే ఊపిరిలో చెప్పాడు. సుందరం రెండూ వినలేదు. ఆయన వేలు ముక్కు దగ్గరే ఉంది.

ఆదివారం చర్చి గంట కొడుతుండగా వరమ్మ కళ్ళు తెరిచింది. చుట్టూ చూసింది. తెల్ల డేరా, నల్ల కళ్ళద్దాల నర్సు, చెప్పు లేని కాంపౌండరు, గడ్డం పెరిగి ఏడుస్తున్న మొగుడు.

"పెండ్లయిన కాడ్నించి ఇంత నిద్ర పోల్యా," అంది ఆమె, ఆవులించి. "ఏమయ్యో, ఆ మాత్రలు ఇంగేమన్నా మిగిలుండాయా?"